మోకాలికీ బోడిగుండుకీ

ప్లేట్‌లెట్లు అనే మాట మా ఇంట్లోకి డెంగీతో పాటు వచ్చింది. మీ ఇంట్లోకీ అలాగే వచ్చుంటుంది. ఆ వానాకాలం మా ఆవిడకి జ్వరం వచ్చి కౌంటు నలభై వేలకి పడిపోయింది. ఉండాల్సింది లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా అని మాకు అప్పుడే తెలిసింది. కేపీహెచ్‌బీ కాలనీలో ఏ గోడ మీంచి బొప్పాయి చెట్టు తొంగిచూసినా స్కూటరు ఆపి, ముక్కూమొహం తెలియనివాళ్లని ఆకులడిగేవాణ్ణి. డాక్టరు ఆకురసం వద్దనీ అనలేదు, ఇమ్మనీ అనలేదు. "నీళ్లు బాగా తాగించండి" అని ఊరుకున్నాడు. నేను రసం గ్లాసు పట్టుకుని మంచం పక్కన నిలబడితే మా ఆవిడ ఒక చూపు చూసి, "ముందు మీరు తాగండి" అనేది. కౌంటు పెరిగింది. రసం వల్ల పెరిగిందా, దానంతటదే పెరిగిందా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.

ఇంటిల్లిపాదీ పొద్దునా సాయంత్రం లెక్కపెట్టుకున్న ఆ ప్లేట్‌లెట్లని, ఏడాది తిరక్కముందే నా ఒంట్లోంచి తీయించి నా నెత్తిలోకే పొడిపించుకుంటానని నేననేసరికి, మా ఆవిడ కత్తిపీట మీంచి లేచింది.

"తలకెక్కించుకోడానికి మీకింకేం మిగల్లేదా?" అంది.

అసలు సంగతి చెబుతాను, మీలో మీరుంచుకోండి.

మగవాడికి తన తల ముందువైపు గురించి తెలిసినంత వెనకవైపు తెలియదండీ. అద్దంలో కనిపించేది ముందువైపే కదా. అక్కడ నాలుగు వెంట్రుకలు ఎడమ నుంచి కుడికి తోసి, రెండు చేతులతో అదిమి, ఒక పక్కకి తిరిగి చూసుకుంటే నేను బాగానే ఉండేవాణ్ణి. మా సెలూన్ కుర్రాడు పూర్వం కటింగ్ అయ్యాక వెనక చిన్న అద్దం పట్టి చూపించేవాడు. ఈ మధ్య మానేశాడు. పని వత్తిడి అనుకున్నాను.

మాఘమాసంలో మా బావమరిది కూతురి పెళ్లయింది. ఇప్పుడు పెళ్లిళ్లకి పురోహితుడు లేకపోయినా జరుగుతుందేమోగానీ డ్రోన్ లేకపోతే జరగదు. మండపం పక్కనే పెద్ద ఎల్‌ఈడీ తెర. నేను అక్షింతలు వేస్తూ తెరవైపు చూశాను. జనం మధ్యలో ఒక తల, దాని నడుమ గుండ్రంగా, పందిరి దీపాలన్నీ అక్కడే వెలుగుతున్నాయి.

"ఎవర్రా పాపం ఆయన?" అన్నాను మావాడితో.

"చెయ్యెత్తి చూడు నాన్నా" అన్నాడు.

ఎత్తాను. ఆయనా ఎత్తాడు.

ఆ పెళ్లిలో భోజనం సంగతి నన్నడక్కండి. మా బావమరిది నాకంటే పెద్దవాడు. ఆయనకి జుట్టు ఎంత ఉందంటే మాట్లాడుతూ మాట్లాడుతూ అందులోకి వేళ్లు పోనిచ్చి కాసేపు అక్కడే ఉంచేస్తాడు. ఆ రోజు నా పక్కన కూర్చుని పూర్ణబ్బూరె తినేంతసేపూ ఆ చెయ్యి అక్కడే ఉంది.

ఇంటికొచ్చిన రాత్రి మావాడు బెంగపెట్టుకుని సెల్‌ఫోన్లో వంశవృక్షాలు చదివాడు. మగహార్మోన్ టెస్టోస్టెరాన్ నుంచి డీహెచ్‌టీ అనే పదార్థం పుడుతుందట. అది పడనివాళ్లకి జుట్టు కుదుళ్లు ఏటికేడాది చిక్కిపోయి, లావు వెంట్రుక మొలిచే చోట నూగు మొలిచి, చివరికి అదీ మానేస్తుందట. ఆ పడకపోవడానికి కారణమైన జన్యువుల్లో ముఖ్యమైనదొకటి ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుందట. మగపిల్లాడికి ఎక్స్ వచ్చేది తల్లి దగ్గర్నించే. అంటే నాకు పోయింది మా మేనమామల వైపు నుంచి. వాడికి రావాల్సింది వాడి మేనమామ వైపు నుంచి.

"హమ్మయ్య" అన్నాడు మావాడు.

"మా వాళ్ల వల్ల బతికిపోయావురా" అంది మా ఆవిడ. తండ్రివైపు జన్యువులకీ ఇందులో కాస్త చెయ్యి ఉంటుందని అక్కడే కింద రాసుంది. నేను చదివి వినిపించబోయాను. అప్పటికే లైటు తీసేశారు.

ఇక నా ప్రయత్నాలు మొదలయ్యాయి. మందారాకు, మెంతులు, గుంటగలగరాకు కాచిన నూనె, ఇవన్నీ మీరూ చేసుంటారు, వదిలేద్దాం. ఉల్లిపాయ రసం రాసుకున్న రాత్రి మా ఆవిడ దిండు తీసుకుని హాల్లోకి వెళ్లిపోయింది. రసం మానేశాక కూడా వారం దాకా తిరిగి రాలేదు.

దాంతో శాస్త్రం వైపు తిరిగాను. బట్టతలకి తరగతులున్నాయండీ. హామిల్టన్ అనే ఆయన 1951లో వర్గీకరించాడు, నార్‌వుడ్ అనే ఆయన 1975లో దాన్ని సవరించాడు. ఒకటి నుంచి ఏడు దాకా. ఒకటంటే నిండుగా ఉన్నట్టు, ఏడంటే చెవుల మీదుగా వెనక్కి ఓ అంచు మాత్రమే మిగిలినట్టు. ఆ బొమ్మలు పక్కన పెట్టుకుని, రెండద్దాలు ఎదురెదురుగా పట్టుకుని నాకు నేను మూడు వేసుకున్నాను. మావాడు నాలుగన్నాడు. మా ఆవిడ వెనకనుంచి ఒక్కసారి చూసి, బొమ్మలు కూడా చూడకుండా, "అయిదు" అంది.

ఆ తర్వాత క్లినిక్కులు. మా ఏరియాలో బిర్యానీ హోటల్ ఉన్న ప్రతి భవనంలోనూ పై అంతస్తులో జుట్టు క్లినిక్కు ఉంటుంది. లోపల డాక్టరుకంటే ముందు కౌన్సెలర్ అనే అమ్మాయి ఉంటుంది. ఒకచోట పీఆర్పీ అన్నారు. ఇంకోచోట, "పీఆర్పీ ఓల్డ్ సార్, ఇప్పుడంతా జీఎఫ్‌సీ" అన్నారు. మరోచోట ఆ రెండూ పాతబడిపోయాయి, పీఆర్‌ఎఫ్ చేయించుకోమన్నారు. మూడుచోట్లా సోఫా ఒకటే, గోడమీద ఫోటోలూ ఒకటే తరహా. ఆ ఫోటోలు నేను జాగ్రత్తగా చూశాను. ముందు ఫోటోలో మనిషి తల తడిపి, నెత్తిన లైటు కొట్టి, మొహం దిగులుగా పెట్టించి తీస్తారు. తర్వాతి ఫోటోలో తల ఆరబెట్టి దువ్వి తీస్తారు. ఆ లెక్కన నాకు రోజూ పొద్దున స్నానానికీ టిఫినుకీ మధ్య జుట్టు మొలుస్తోంది.

అక్కడ ఒకచోట డాక్టరుగారేరని అడిగితే, "సార్, ప్రొసీజర్ మా సీనియర్ టెక్నీషియనే చేస్తారు, చాలా ఎక్స్‌పీరియన్స్" అన్నారు. ఇంటికొచ్చి చెబితే మావాడు నవ్వాడు. జుట్టు నాటే శస్త్రచికిత్స ఎవరు చేయొచ్చో జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాలిస్తూ, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసినంత మాత్రాన అది శిక్షణ కిందికి రాదని రాసిందట. నేను కాస్త ఇబ్బందిపడ్డాను. నాకున్న పాండిత్యమంతా అప్పటికి యూట్యూబ్‌దే.

ఆ పాండిత్యాన్ని ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ప్రదర్శించాను. మా అత్తగారు తెనాలి నుంచి మోకాళ్లు చూపించుకోడానికి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆవిడ దివాను మీద, మా ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తూ కింద, మావాడు చెవుల్లో ఏదో పెట్టుకుని కుర్చీలో. నేను పెద్ద అట్ట మీద గళ్లు గీసి గోడకి అంటించాను.

"మూడింటికీ మూలం ఒకటే, మన రక్తం" అని మొదలుపెట్టాను. "ప్లేట్‌లెట్లంటే రక్తం గడ్డకట్టించేవే అనుకుంటాం. వాటి పొట్టల్లో చిన్న చిన్న తిత్తులుంటాయి. గాయమైన చోట అవి పగిలి, వృద్ధి కారకాలనేవి బయటికొస్తాయి. పుండు మానేది, కొత్త రక్తనాళాలు పుట్టేది వాటి చలవే. అవే జుట్టు కుదుళ్ల దగ్గర వదిలితే చిక్కిపోయిన కుదురు కాస్త లేచి కూర్చుంటుందని ఆశ."

"ఎవరి ఆశ?" అంది మా ఆవిడ.

పట్టించుకోలేదు. పీఆర్పీ అంటే ప్లేట్‌లెట్లు దట్టంగా ఉన్న ప్లాస్మా. గడ్డకట్టకుండా సిట్రేటు పోసిన గొట్టంలోకి రక్తం తీసి, గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో పెడతారు. ఎర్రకణాలు బరువు కాబట్టి అడుగుకి పోతాయి. వాటిమీద పల్చని తెల్లటి పొర, పైన ఎండుగడ్డి రంగు ప్లాస్మా. చాలాచోట్ల ఆ పైదాన్ని తీసి ఇంకోసారి గట్టిగా తిప్పుతారు. మామూలు రక్తంలో కంటే మూడు నుంచి అయిదు రెట్లు ప్లేట్‌లెట్లు చేరతాయి. అది తల్లోకి ఎక్కిస్తారు.

పీఆర్‌ఎఫ్‌లో చివరి అక్షరం ఫైబ్రిన్‌ది. ఫ్రాన్సులో జోసెఫ్ షుక్రూన్ అనే డాక్టరు 2001లో పళ్లూ దవడల చికిత్స కోసం పైకి తెచ్చాడు. ఇందులో సిట్రేటు పొయ్యరు. నెమ్మదిగా తిప్పి, అది గడ్డకట్టే లోపు నిమిషాల మీద సూది వేసెయ్యాలి. లోపలికి వెళ్లాక సన్నని వలగా అల్లుకుని, వృద్ధి కారకాలని ఒక్కసారి కాకుండా రోజుల తరబడి కొంచెం కొంచెంగా వదులుతుంది.

జీఎఫ్‌సీ దగ్గరికొచ్చేసరికి నా గొంతులో భక్తి వచ్చింది. ఇందులో ప్లేట్‌లెట్లని తల్లోకి పంపనే పంపరు. గొట్టంలో ముందే ఉన్న పదార్థం వాటిని అక్కడే రెచ్చగొట్టి తిత్తులు పగలగొట్టిస్తుంది. అప్పుడు తిప్పితే కణాలన్నీ కిందికి పోయి, పైన వృద్ధి కారకాల తేట మాత్రం మిగులుతుంది. దానికి విడిగా కిట్టు కొనాలి కాబట్టి ధర ఎక్కువ. ఖరీదైనది మేలైనదై ఉండాలని నేను ఎర్ర స్కెచ్ పెన్నుతో దానికింద రెండు గీతలు గీశాను.

మా ఆవిడ చిక్కుళ్ల పళ్లెం పక్కకి జరిపింది.

"పీఆర్పీ మీగడ. పీఆర్‌ఎఫ్ గడ్డపెరుగు. జీఎఫ్‌సీ కాచిన నెయ్యి. అంతేగా? దీనికి ఇంత అట్టముక్క దేనికి?" అంది. "ఏది చేసినా పాలు మీవే కదా. చిక్కటివో నీళ్లవో ముందు అది చూపించుకోండి."

మా అత్తగారు తలూపారు. మావాడు చెవుల్లోంచి ఒకటి తీసి, "అమ్మ ఏమంది?" అన్నాడు. నేను అట్ట విప్పి బీరువా వెనక పెట్టాను. మీరు నమ్మరుగానీ, తర్వాత డాక్టరు చెప్పిందీ ఇంచుమించు ఇదే. ఏ పద్ధతికైనా సరుకు రోగి రక్తమే. ఒకరి ప్లేట్‌లెట్లు ఇంకొకరివంత ఉండవు.

డాక్టరు దగ్గరికి మా ఆవిడే తీసుకెళ్లింది. అసలైన చర్మవ్యాధి నిపుణురాలు, చిన్న వయసు, సోఫా లేదు, చెక్క కుర్చీలు. నేను మాట్లాడబోతుంటే ఆవిడ నన్ను దాటి మా ఆవిడ పాపిడివైపు చూసింది.

"మీకెప్పట్నించి రాలుతోందమ్మా?"

నేను తిరిగి చూశాను. రాలుతోందా? డెంగీ తగ్గిన రెండు మూడు నెలలకి గుప్పెళ్లతో రాలిందట. బాత్‌రూమ్ జాలీలో జుట్టు చుట్టలు నేనూ చూశాను. అవి నావే అనుకుని ఎంత కుమిలిపోయానో! నా తల మీద అంత పొడవు వెంట్రుక ఎన్నడూ లేదన్న ఆలోచన నాకు తట్టలేదు. పెద్ద జ్వరం వస్తే చాలా వెంట్రుకలు ఒక్కసారే విశ్రాంతిలోకి వెళ్లి, రెండు మూడు నెలలకి మూకుమ్మడిగా ఊడతాయని, కుదుళ్లు బాగానే ఉంటాయి కాబట్టి వాటంతటవే తిరిగొస్తాయని డాక్టరమ్మ చెప్పింది. ఐరన్, థైరాయిడ్ పరీక్షలు రాసింది. ఐరన్ తక్కువని తేలి మాత్రలిచ్చింది. ఆ మాత్రల ధర ఇక్కడ రాస్తే నాకే అవమానం.

అప్పుడు నా వంతు. కెమెరా ఉన్న చిన్న పరికరం నా నెత్తి మీద ఆనించి టీవీలో చూపించింది. నా తలని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. లావు వెంట్రుకల మధ్య సన్ననివి, వాటి మధ్య అంతకన్నా సన్ననివి. "ఇవున్న చోట ప్రయత్నించొచ్చు. ఇదిగో, నున్నగా మెరుస్తోంది చూడండి, ఇక్కడ కుదుళ్లే లేవు. ఇక్కడ ఏ ఇంజెక్షనూ జుట్టు మొలిపించదు" అంది. తరగతి అడిగాను. నాలుగు. మా ఆవిడ వైపు గర్వంగా చూశాను. అయిదు అంది కదా.

ముందు మందులు, ఇంజెక్షన్లు వాటికి తోడు మాత్రమే, అంది డాక్టరమ్మ. మినాక్సిడిల్ గురించి చెప్పింది. అది 1970లలో బీపీ మాత్రట. వేసుకున్నవాళ్లకి బీపీ తగ్గడంతో పాటు ఒళ్లంతా జుట్టు మొలవడంతో, 1988లో అమెరికాలో నెత్తికి రాసుకునే మందుగా అనుమతించారు. నేను నిటారుగా కూర్చున్నాను. ఏళ్ల తరబడి నేనూ బీపీ మాత్ర మింగుతున్నాను! నా వంతుకి వచ్చిన మాత్ర మాత్రం వేరేది.

రెండోది ఫినాస్టరైడ్. ప్రోస్టేట్ మాత్ర, 1997 నుంచి చిన్న మోతాదులో జుట్టుకి. టెస్టోస్టెరాన్ డీహెచ్‌టీగా మారడాన్ని తగ్గిస్తుంది. అది వాడుతూ ప్రోస్టేట్ కోసం పీఎస్‌ఏ పరీక్ష చేయించుకుంటే అంకె ఇంచుమించు సగానికి పడిపోతుంది కాబట్టి ఆ డాక్టరుకి తప్పకుండా చెప్పమంది. కొద్దిమందికి కోరికలు తగ్గొచ్చని కూడా చెప్పింది. నేను బల్ల మీది పెన్ను స్టాండు చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ, "దానివల్ల కొత్తగా ఏం తెలుస్తుంది డాక్టరుగారూ?" అంది.

డాక్టరమ్మ దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకుంది.

విషయం మార్చడానికి నేను నా మూడు చికిత్సల తులనాత్మక అధ్యయనం ఎత్తుకున్నాను. జీఎఫ్‌సీలో తేట గురించి రెండు వాక్యాలయ్యాయో లేదో మా ఆవిడ అడ్డొచ్చింది.

"ఈ మూడింట్లో ఏది ఎక్కువమందికి చేసి, రాసిపెట్టి చూశారండీ?"

"పీఆర్పీ" అంది డాక్టరమ్మ. "మిగతా రెండింటికీ అధ్యయనాలు తక్కువ. పీఆర్పీలో కూడా ఒక్కొక్కరు ఒక్కో వేగంతో, ఒక్కో పద్ధతిలో తిప్పారు కాబట్టి లెక్కలు ఒకదానితో ఒకటి సరిగ్గా కలవవు. చాలామందికి కొంత ఒత్తు పెరుగుతుంది. కొందరికి ఏమీ ఉండదు. నెలకొకటి చొప్పున మూడు నాలుగు, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ చేయించుకుంటూ ఉండాలి. ఆపేస్తే వచ్చింది నిలవదు."

"అయితే అదే చెయ్యండి" అంది మా ఆవిడ.

నా అట్టకి, నా ఎర్ర గీతలకి అక్కడితో సరి.

మొదటి సిట్టింగు రోజు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. ఎందుకో అడక్కండి. పరీక్షలన్నీ బాగున్నాయి, ప్లేట్‌లెట్లు రెండు లక్షల చిల్లర. "నా డెంగీ లెక్క కంటే మేలే" అంది మా ఆవిడ. రక్తం తీయడానికి నర్సమ్మాయి రబ్బరు పట్టీ కట్టి సూది తీసింది. కావాల్సింది పదిహేను మిల్లీలీటర్లు, అంటే మూడు టీ చెంచాలు. మావాడు కాలేజీలో రక్తదానం పెడితే 350 మిల్లీలీటర్లు ఇచ్చి, మామిడి రసం తాగి, అదే సాయంత్రం ఆటకి వెళ్లబోతే వాళ్లమ్మ ఆపింది. నాకు మూడో చెంచా దాకా గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి కాళ్లకింద దిండ్లున్నాయి, మా ఆవిడ నర్సమ్మాయితో, "పెళ్లిలో జీలకర్రా బెల్లం అప్పుడూ ఇంతే" అంటోంది.

ఆ తర్వాత సెంట్రిఫ్యూజ్ తిరిగింది. గొట్టానికి ఎదురుగా అంతే బరువున్న నీళ్ల గొట్టం పెడతారు, లేకపోతే యంత్రం ఊగిపోతుంది. తిరిగొచ్చిన గొట్టం చూపించారు. పైన నాది, పసుప్పచ్చగా, తేటగా. ఎందుకో గర్వం వేసింది. ఫోటో తీయమన్నాను. తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా బావమరిది, "బావా, యూరిన్ రిపోర్టు బాగానే ఉందా?" అని రాశాడు.

తలకి తిమ్మిరి మందు ఇచ్చారు గానీ ఆ తిమ్మిరి మందు కూడా సూదే కదండీ. నుదుటి చుట్టూ, తర్వాత నెత్తినంతా, సుమారు సెంటీమీటరుకొక పోటు. పోటు తెలియకుండా పక్కన ఒక వణికే పరికరం ఆనిస్తారు. పోటూ తెలిసింది, వణుకూ తెలిసింది. "తల ఎక్కడ మొదలవుతుందండీ?" అని నర్సమ్మాయి నా నుదుటి దగ్గర వేలు పెట్టి డాక్టరమ్మని అడగడం ఒక్కటే నాకు నిజంగా గుచ్చుకుంది.

ఆ రోజు తల తడపొద్దన్నారు. నొప్పెడితే పారాసిటమాల్ వేసుకోవచ్చుగానీ ఐబుప్రోఫెన్ వంటివి వద్దన్నారు. ప్లేట్‌లెట్లు చెయ్యాల్సిన పనికి అవి అడ్డుతగులుతాయట. మర్నాటికి నుదురు వాచి, వాపు కళ్ల మీదికి దిగింది. ఆఫీసుకి వెళ్లాను. అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. మధ్యాహ్నం మా మేనేజరుగారు వచ్చి భుజం మీద చెయ్యేసి, "ఎవరు పోయారు?" అన్నారు.

ఇక్కడే మా అత్తగారి మోకాలు కథలోకొస్తుంది.

ఆవిడ ఎముకల డాక్టరు దగ్గరికెళ్లారు. కీలు ఇంకా పూర్తిగా అరగలేదు, ఆపరేషన్ అప్పుడే వద్దు, వ్యాయామం చెయ్యండి, కావాలంటే పీఆర్పీ వేసి చూద్దాం, కొందరికి నొప్పి బాగా తగ్గుతుంది, కొందరికి తగ్గదు, అన్నాడాయన. జుట్టు కంటే ముందు దీన్ని ఎముకలవాళ్లూ పళ్లవాళ్లే వాడారు. ఆ సాయంత్రం మావాడు నా తలనీ వాళ్ల అమ్మమ్మ మోకాలినీ మార్చి మార్చి చూసి, పొట్ట పట్టుకుని సోఫా మీంచి జారిపోయాడు. మోకాలికీ బోడిగుండుకీ ముడి పెట్టడమంటే పొంతనలేని మాట అనుకుంటూ వచ్చింది మన జాతి. మా ఇంట్లో ఒకే నెలలో, ఒకే మందుతో, ఆ ముడి పడింది.

"అల్లుడుగారు చేయించుకున్నారుగా, నేనూ చేయించుకుంటాను" అన్నారు మా అత్తగారు. చేయించుకున్నారు. కళ్లు తిరగలేదు. సూది గుచ్చుతుంటే డాక్టరుతో తెనాలిలో ఇప్పుడు సినిమా హాళ్లన్నీ ఎలా మూతపడ్డాయో చెబుతూనే ఉన్నారట.

తర్వాత నెలలన్నీ నాకు ఫోటోలతో గడిచాయి. నెల మొదటి ఆదివారం, అదే స్టూలు, అదే ట్యూబ్‌లైటు. మావాడు తీస్తాడు, నేను జూమ్ చేస్తాను. "ఇదిగో, ఇక్కడ చూడు" అంటే, "అది నీడ నాన్నా" అంటాడు. మినాక్సిడిల్ మొదలెట్టిన కొత్తలో ఇంకాస్త రాలింది. అలా రాలడం మామూలేనని, పాతవి తప్పుకుని కొత్తవాటికి చోటిస్తున్నాయని డాక్టరమ్మ ముందే చెప్పినా, నేను రెండు రాత్రులు భోజనం చెయ్యలేదు. మా ఆవిడకి అదే సమయంలో పాపిడి పక్కన చిట్టి వెంట్రుకలు బుసబుసా లేచాయి. పొద్దున్నే వాటిని నీళ్లతో అణుచుకుంటూ, "ఛ, ఇవి మాట వినవు" అని విసుక్కునేది. నేను ఆ గదిలోంచి వెళ్లిపోయేవాణ్ణి.

అత్తగారికి నొప్పి తగ్గింది. వ్యాయామం వల్లో, సూది వల్లో, ఆవిడ ఊళ్లో అందరితో చెప్పినట్టు వెంకటేశ్వరస్వామి వల్లో గానీ, మెట్లు ఎక్కి దిగుతున్నారు. నాకు మనస్ఫూర్తిగా సంతోషమే. ఒక రాత్రి అన్నం తింటుండగా నెమ్మదిగా అన్నారు:

"మొక్కు తీర్చుకోవాలి అల్లుడుగారూ."

"తప్పకుండా అత్తయ్యగారూ. ఏం మొక్కుకున్నారు?"

ఆవిడ మజ్జిగ పోసుకున్నారు. "మోకాలు నెమ్మదిస్తే ఇంటి మగదిక్కు తలనీలాలిప్పిస్తానని."

మగదిక్కు అంటే మా బావమరిది అనుకున్నాను. ఆ కొడుకుంది తెనాలిలో, అంత జుట్టుతో, దేవుడికి ఇస్తే ఇచ్చినట్టుండే జుట్టుతో. "సూది వేయించుకున్నది మీ ఇంట్లో కదా బాబూ. ఆ పూట మీరే కళ్ల ముందున్నారు. అయినా, వాడిదంటే పాపం అంత జుట్టు" అని, మిగతా మాట మజ్జిగతో మింగేశారు. మా ఆవిడ వైపు చూశాను. "దేవుడి విషయం" అంది. మీ ఇంట్లో దేవుడి విషయంలో మీరెప్పుడైనా గెలిచారా?

డాక్టరమ్మకి ఫోన్ చేశాను, వద్దంటుందేమోనని. "గుండు చేయించుకుంటే ఏం కాదండీ, కుదుళ్లు చర్మం లోపలుంటాయి. నెలకో సెంటీమీటరు పెరుగుతుంది. గుండు తర్వాత ఒత్తుగా వస్తుందనేది కూడా నిజం కాదు" అంది. వైద్యశాస్త్రం ఎప్పుడు కావాలో అప్పుడు పక్కన నిలబడదు.

ఘాట్ రోడ్డెక్కుతుంటే మా అత్తగారు కథ చెప్పారు. పశువుల కాపరి గొడ్డలి దెబ్బకి స్వామి తలమీద ఒకచోట జుట్టు పోయిందట. గంధర్వకన్య నీలాదేవి అది చూడలేక తన కురులు కోసి అక్కడ అతికించిందట. భక్తులిచ్చే తలనీలాలు అందుకే, ఆమె పేరుమీదే. "అంటే హెయిర్ ట్రాన్స్‌ప్లాంటేగా అమ్మమ్మా" అన్నాడు మావాడు. లెంపలేసుకోమన్నారు. నేను మాత్రం కొండ వైపు కొత్త ఆత్మీయతతో చూశాను. ఇది తెలిసిన దేవుడు.

కళ్యాణకట్టలో టోకెనూ బ్లేడూ ఇచ్చారు, పైసా తీసుకోలేదు. నా జీవితంలో నా తలకి ఉచితంగా జరిగిన పని అదొక్కటే. ఇక్కడి జుట్టుని పొడవుని బట్టి రకాలుగా విడదీసి దేవస్థానం వేలం వేస్తుందని మా ఆవిడతో అన్నాను. నాది ఏ రకంలోకి వెళ్తుందో అని ఊరికే అన్నాను లెండి.

"ఊడ్చేదాంట్లోకి" అంది.

వరసలో కూర్చున్నాను. నాకు వచ్చినాయన పెద్దవాడు, ఆ చేతుల కింద ఎన్ని తలలు వెళ్లుంటాయో. నెత్తిన నీళ్లు పోసి, వేళ్లతో గట్టిగా రుద్దాడు. నడినెత్తి దగ్గరికొచ్చి ఆగాడు. వంగి చూశాడు. బొటనవేలితో ఇంకోసారి రాశాడు.

"సామీ, ఇక్కడ కొత్త జుట్టు వస్తున్నట్టుందే! సన్నగా ఉందిగానీ బాగా వస్తోంది" అన్నాడు.

ఇంట్లో ఇన్ని నెలలు ఎవరి నోటా రాని మాటండీ! మెడ తిప్పాను. "కదలకండి సామీ" అని తల పట్టుకున్నాడు. పట్టుకున్న తలతోనే గట్టిగా అరిచాను:

"ఏమే, విన్నావా? ఆయన ఏమంటున్నాడో విన్నావా?"

"విన్నాను" అంది మా ఆవిడ పక్కనుంచి. "ఇక గోవిందా అనండి."